పెన్సిల్‌తో రాసిన ఆ అంకె

‘‘బొమ్మ బాగానే ఉంది. కానీ అచ్చేసిన కాగితానికి పాతిక వేలేంటి?’’

‘‘మామూలు అచ్చు కాదండీ, ఎచింగట. మొత్తం యాభయ్యే ఉన్నాయట.’’

‘‘యాభయ్యే తీశారో, అయిదొందలు తీశారో మనం చూడొచ్చామా?’’

కొత్తగా ఫ్లాటు కొనుక్కుని, హాల్లో ఖాళీ గోడకోసం బొమ్మ వెతుక్కునే దంపతుల మధ్య ఇలాంటి మాటలు హైదరాబాద్ గ్యాలరీల్లో మామూలే. పేరున్న చిత్రకారుడి పెయింటింగ్ కొనాలంటే లక్షలు కావాలి. అదే చేతి నుంచి వచ్చిన ప్రింటు అయితే మధ్యతరగతి జేబుకీ అందుతుంది. అందినట్టే అంది, ఆఖర్లో ఈ అనుమానం దగ్గర ఆగిపోతుంది.

అలా అడిగినాయన్ని పిసినారి అనుకోనక్కర్లేదు. ప్రింట్ల సేకరణలో తలపండినవాళ్లు కూడా ముందు అడిగే ప్రశ్న అదే. ఎందుకంటే ఈ వ్యాపారం మొత్తం ఒక నమ్మకం మీద నడుస్తుంది. బొమ్మ కింద ఎడమ పక్కన పెన్సిల్‌తో ‘31/50’ అని చిన్నగా రాసి ఉంటుంది చూడండి... ‘ఈ బొమ్మ యాభై మాత్రమే తీశాను, ఇది అందులో ముప్ఫై ఒకటోది, ఇక తీయను’ అని చిత్రకారుడు ఇచ్చే మాట అది. కుడి పక్కన సంతకం. మధ్యలో బొమ్మ పేరు. ఇలా పెన్సిల్‌తో సంతకం చేసే పద్ధతి 19వ శతాబ్దం చివర్లో ఐరోపాలో బలపడింది. అంకె వేయడం దాని తర్వాత వచ్చింది.

మరి కొందరు ‘1/50 ఉందా? మొదటిదైతే విలువ ఎక్కువ కదా’ అని అడుగుతుంటారు. చాలా ప్రింట్ల విషయంలో అది అపోహే. తడి కాగితాలను ఆరబెట్టి, దొంతర్లు పెట్టి, తీరిగ్గా కూర్చుని అంకెలేస్తారు. ముందు అచ్చయిందే ఒకటో నంబరు కావాలని లేదు. ఒక్క డ్రైపాయింట్ అనే రకంలో మాత్రం తేడా ఉంటుంది. సూదితో రాగిరేకు మీద గీసినప్పుడు గీత పక్కన లేచే సన్నటి లోహపు నూగు వల్ల దాంట్లో గీతలు మఖమల్‌లా మెత్తగా పడతాయి. ప్రెస్సు ఒత్తిడికి ఆ నూగు త్వరగా అణిగిపోతుంది. అందుకని అక్కడ ముందు తీసిన ప్రతులకే గిరాకీ.

అంకె బదులు ‘ఏ/పి’ అని ఉంటే చిత్రకారుడు తనకోసం అట్టే పెట్టుకున్న ప్రతి అని అర్థం. మామూలుగా ఎడిషన్‌లో పదోవంతు దాకా ఇలా ఉంచుకోవడం ఆనవాయితీ. అచ్చు తీసినాయనకు ఇచ్చేవి ఇంకొన్ని. ఇవేవీ ఆ యాభైలో లెక్కకు రావు. అంటే యాభై అన్నచోట అరవై ఉన్నా ఆశ్చర్యపోకూడదు. అడిగి తెలుసుకోవాలి, అంతే.

చిత్తూరు నుంచి పారిస్‌కు

‘అచ్చేసిన కాగితం’ అన్న మాట వింటే కృష్ణారెడ్డి నవ్వుకునేవారేమో. ప్రింట్ల ప్రపంచంలో ఆయన పేరు తెలియనివారు తక్కువ. మన దగ్గరే తెలిసినవారు తక్కువ! 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత అదే పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే ‘అటెలియర్ 17’ అనే ప్రింట్ల కార్ఖానాలో చేరి, కొన్నాళ్లకు దాన్ని నడిపేవారిలో ఒకరయ్యారు. 1976లో న్యూయార్క్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2018లో, 93వ ఏట కన్నుమూశారు.

ఆయనా, ఆయన సహచరులూ ఆ కార్ఖానాలో పట్టుకున్న కిటుకు చూస్తే ప్రింటు అంటే ఏమిటో అర్థమవుతుంది. అప్పటిదాకా రంగుల ఎచింగ్ కావాలంటే రంగుకో పలక చెయ్యాలి, ఒకే కాగితాన్ని మళ్లీమళ్లీ ప్రెస్సులో పెట్టాలి. వీళ్లు ఒకే పలకతో, ఒకే ఒత్తుతో అన్ని రంగులూ తెచ్చారు. ఎలాగంటారా? తామరాకు మీద నీటిబొట్టు నిలవదు కదా, ఇంచుమించు ఆ సూత్రమే. ముందు లోహపు పలకను ఆమ్లంతోనూ, ఉలితోనూ రకరకాల లోతుల్లో తవ్వుతారు. ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి పల్చగా చేస్తారు. ఇంకో రంగును చిక్కగా ఉంచుతారు. పల్చటి రంగును గట్టి రోలర్‌తో పూస్తే అది పలక పైభాగానికే అంటుతుంది. చిక్కటి రంగును మెత్తటి రోలర్‌తో పూస్తే అది లోతుల్లోకి దిగుతుంది. కానీ ముందే నూనె రంగు ఉన్నచోట మాత్రం నిలవదు. దాంతో ఒక రంగు మీద ఇంకోటి పడి బురద కాకుండా దేని చోటు దానికి ఉంటుంది.

విన్నంత తేలిక కాదిది. ప్రతి కాగితానికీ పలకను మళ్లీ తుడవాలి, మళ్లీ రంగులు కలపాలి, మళ్లీ పూయాలి. నూనె ఒక చుక్క అటూ ఇటూ అయితే రంగు మారిపోతుంది. కాబట్టి ఒకే పలక నుంచి వచ్చినా ఏ రెండు ప్రతులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ గానీ, 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థుల ఉద్యమాన్ని చూసి చేసిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ గానీ ఇలా పుట్టినవే. ఆ పలకలను ఆయన శిల్పి కళ్లతోనే చెక్కారు. రంగు లేకుండా పలకను ఒక్కదాన్నే చూసినా అదొక శిల్పంలా ఉంటుంది.

మన దగ్గరే ఉండి ఎచింగ్‌కు పేరు తెచ్చినవారు కె.లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో, ఆ తర్వాత బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న ఆయన... తెలంగాణ పల్లెల్లోని మేకల్నీ, మనుషుల్నీ, చెట్లనీ వెంట్రుకంత సన్నటి గీతల్లో పట్టుకున్నారు. ఆయన పెయింటింగ్ కొనలేనివాళ్లు ఎచింగ్ కొంటారని కొందరంటారు గానీ, అది సరైన మాట కాదు. ఆయన్ని ఆయనగా నిలబెట్టినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఆ ఎచింగ్‌లనే.

ఒకటే మాట, రెండు సరుకులు

అసలు చిక్కు ‘లిమిటెడ్ ఎడిషన్’ అనే మాటతో వస్తుంది. బజార్లో ఆ మాటకింద రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతాయి.

మొదటిది పైన చెప్పుకున్నది. బొమ్మ పుట్టడమే పలక మీదో, చెక్క మీదో, రాయి మీదో, పట్టుతెర మీదో పుడుతుంది. దానికి వేరే ‘ఒరిజినల్’ ఉండదు. యాభై ప్రతులుంటే యాభయ్యీ ఒరిజినల్సే.

రెండోది, ముందే ఉన్న పెయింటింగ్‌కి తీసిన నకలు. దీంట్లోనూ మళ్లీ తేడాలున్నాయి. హుస్సేన్, తోట వైకుంఠం లాంటివారి పెయింటింగ్స్‌ని సెరిగ్రాఫ్‌లుగా, అంటే రంగుకో తెర చొప్పున పెట్టి అచ్చుతీసి, చిత్రకారుడి సంతకంతో అమ్మారు. అందులో పనితనం ఉంది, కొనేవారూ ఉన్నారు. కానీ కంప్యూటర్ ప్రింటర్‌లో తీసిన నకళ్ల సంగతి వేరు. 1991లో కాలిఫోర్నియాలో ఒక ముద్రణ నిపుణుడు ఈ ఇంక్‌జెట్ ప్రింట్లకు ‘జీక్లే’ అని ఫ్రెంచి పేరు పెట్టాడు. చిమ్మడం అనే అర్థమున్న మాటలోంచి తీసిన పేరది. ఇంక్‌జెట్ అంటే ఆఫీసు గుర్తొస్తుంది, జీక్లే అంటే ఆర్ట్ గ్యాలరీ గుర్తొస్తుంది... పేరులో ఏముందంటారు గానీ, చాలానే ఉంది!

అలాగని ఇంక్‌జెట్ అంతా మోసమని కాదు. కంప్యూటర్ మీదే బొమ్మ గీసే చిత్రకారులకు అదే అసలు పద్ధతి. మంచి కాగితం మీద, వెలిసిపోని రంగులతో తీస్తే చాలాకాలం ఉంటుంది కూడా. మోసమల్లా రెండోదాన్ని మొదటిదాని ధరకు అమ్మడంలో ఉంది.

తేడా కనిపెట్టడానికి మంచి భూతద్దం ఒకటి చాలు. క్యాలెండర్ లాంటి ఆఫ్‌సెట్ ముద్రణ అయితే వరసలు తీరిన చుక్కలు చిన్నచిన్న పువ్వుల్లా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే పొడి చల్లినట్టు సన్నటి తుంపర. స్క్రీన్ ప్రింటులో రంగు పొరలు పొరలుగా చదునుగా పరుచుకుని ఉంటుంది. ఎచింగ్‌లో గీత దగ్గర సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, బొమ్మ చుట్టూ పలక అంచు కాగితంలోకి నొక్కుకుపోయిన గుంట కనిపిస్తుంది. సంతకం పెన్సిల్‌దా, అదీ అచ్చయిందేనా అన్నది కూడా భూతద్దమే చెబుతుంది. అద్దం బిగించిన ఫ్రేములో ఉన్నదాన్ని విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చీర కొనేటప్పుడు మడత విప్పించం గనకనా!

మాట తప్పితే...

అంకె అంటే మాట అనుకున్నాం. మరి ఆ మాట తప్పితే?

డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ కాలంలో అంకెలు లేవు. ఆయన 1669లో పోయినా రాగిపలకలు మిగిలాయి. ‘హండ్రెడ్ గిల్డర్ ప్రింట్’గా పేరుపడ్డ ఆయన ఎచింగ్ పలక వందేళ్ల తర్వాత విలియం బెయిలీ అనే సైనికాధికారి చేతికొచ్చింది. అరిగిన గీతల్ని ఆయనే మళ్లీ గీసి, 1775లో కొత్తగా ప్రతులు తీసి అమ్మాడు. అంతటితో ఆగకుండా పలకను ముక్కలుగా కోసి, ముక్కముక్కకీ విడిగా ప్రింట్లు తీశాడు. రెంబ్రాంట్ బతికుండగా తీసిన ప్రతికీ, బెయిలీ తీసినదానికీ ధరలో పోలికే లేదు. ఎడిషన్ పూర్తవగానే పలక మీద అడ్డంగా గీత కొట్టి పాడుచేసే పద్ధతి ఇలాంటివాటిని ఆపడానికే. లైనోకట్‌లో అయితే ఇంకో ఉపాయం ఉంది. పికాసో వాడి ప్రసిద్ధి చేసిన పద్ధతిలో, ఒకే దిమ్మెను ఒక రంగు అచ్చు వేశాక ఇంకాస్త చెక్కి రెండో రంగు, మరికాస్త చెక్కి మూడో రంగు... ఇలా పోతారు. ఆఖరి రంగు పడేసరికి దిమ్మెలో మిగిలేదేమీ ఉండదు. మళ్లీ తీద్దామన్నా కుదరదు.

సాల్వడార్ డాలీ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1974లో ఫ్రాన్స్ నుంచి అండోరాకు వెళ్తున్న ఒక వాహనాన్ని ఫ్రెంచి అధికారులు ఆపి చూస్తే అందులో సుమారు 40 వేల ఖాళీ కాగితాలున్నాయి. కింద డాలీ సంతకం మాత్రం ఉంది! తర్వాత వాటి మీద ఏ బొమ్మ ఎవరు అచ్చేసినా సంతకం నిజమైనదే అవుతుందన్నమాట. 1989లో ఆయన పోయాక కూడా డాలీ ప్రింట్ల బజారు ఆ మచ్చ నుంచి తేరుకోలేదు. ఆయన సొంతంగా శ్రద్ధపెట్టి చేసిన మంచి ప్రింట్లు కూడా అనుమానంతోనే అమ్ముడవుతున్నాయి. తప్పెవరిదైనా, నష్టం మాత్రం అంకెను నమ్మి డబ్బు పెట్టిన ఇంటివాళ్లదే.

చట్టాన్ని నమ్ముకుందామన్నా అదీ ఒక్కోసారి తోడురాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగెల్‌స్టన్ పాత ఫొటోలను పెద్ద సైజులో, కొత్త డిజిటల్ పద్ధతిలో మళ్లీ తీసి 2012లో వేలం వేశారు. 36 ప్రింట్లకు దాదాపు 59 లక్షల డాలర్లొచ్చాయి. అవే ఫొటోల పాత లిమిటెడ్ ఎడిషన్‌లు పోగుచేసుకున్న ఒక సేకర్త ‘నా వాటి విలువ పడిపోయింది’ అంటూ కోర్టుకెక్కాడు. సైజూ, పద్ధతీ వేరు కాబట్టి ఇది వేరే ఎడిషన్ అని న్యూయార్క్ కోర్టు 2013లో ఆ దావా కొట్టేసింది. అందుకే ‘యాభయ్యే’ అంటే సరిపోదు. ఈ సైజులో యాభయ్యా, అన్ని సైజులూ కలిపి యాభయ్యా అని అడగాలి. చిన్నవి వంద, పెద్దవి వంద, క్యాన్వాస్ మీద మరో వంద తీసి... మూడింటినీ ‘వందలో ఒకటి’ అనే అమ్మొచ్చు మరి.

ధర ఎవరు కడతారు?

తక్కువ ప్రతులుంటే విలువ ఎక్కువని అందరూ అనుకుంటారు. సగమే నిజం. ఎవరికీ అక్కర్లేని బొమ్మ పది ప్రతులే ఉన్నా ఎవరికీ అక్కర్లేదు. బ్రిటన్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ ‘గర్ల్ విత్ బెలూన్’ స్క్రీన్ ప్రింటు 2004లో సంతకంతో 150, సంతకం లేకుండా 600 వచ్చాయి. అంటే 750! అయినా వాటి ధర సామాన్యుడికి అందనంత పెరిగింది. అందరూ ఆ ఒక్క బొమ్మే కావాలనుకోవడమే కారణం. నకిలీలు పెరిగేసరికి 2008లో ఆయన ‘పెస్ట్ కంట్రోల్’ అనే సంస్థ పెట్టి, అసలైనవాటికి అదే ధ్రువపత్రం ఇచ్చేలా చేశారు. ఆ కాగితం లేనిదాన్ని కొనడానికి పెద్ద వేలం సంస్థలు ఇష్టపడవు.

2018లో లండన్ వేలంలో బ్యాంక్సీ పెయింటింగ్ ఒకటి ఫ్రేములోనే ముక్కలవడం, దాని విలువ ఇంకా పెరగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది చూసి ఒకాయన తన దగ్గరున్న ప్రింటునూ అలాగే కోసుకున్నాడని అక్కడి ఆర్ట్ బ్రోకర్ సంస్థ ఒకటి చెప్పింది. 40 వేల పౌండ్ల ప్రింటు దాదాపు ఒక్క పౌండుకు పడిపోయిందట. చిత్రకారుడు చింపితే కళ, మనం చింపితే చిత్తుకాగితం.

జరీనా హష్మీ ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ సంగతి ఇంకోలా ఉంటుంది. అలీగఢ్‌లో పుట్టి, ‘అటెలియర్ 17’లోనే పని నేర్చుకుని, దేశదేశాలు తిరిగిన జరీనా 1999లో ఇల్లు అనే ఊహ మీద 36 వుడ్‌కట్‌లు చేశారు. 25 సెట్లే తీశారు. ఇలాంటివాటిలో సెట్టు మొత్తం కలిసి ఉంటేనే విలువ. విడగొట్టి అమ్మితే కొనేవాళ్లకు సులువేమో గానీ బొమ్మల మధ్య ఉన్న మాట తెగిపోతుంది.

ఇంట్లో ఉన్న ప్రింటు ఎంత చేస్తుందో తెలుసుకోవాలంటే, పాత వేలాల ఫలితాలు వెతకడమే దారి. 2000లో మొదలైన ముంబయి సంస్థ శాఫ్రన్‌ఆర్ట్ లాంటివి తమ పాత వేలాల ధరలను ఇంటర్నెట్‌లో ఉంచుతాయి. అదే చిత్రకారుడిది ఏదో ఒకటి అని కాకుండా అదే బొమ్మ, అదే ఎడిషన్, దాదాపు అదే స్థితిలో ఉన్నది ఎంతకు పోయిందో చూడాలి. ఆ ధరలో కొన్నవారు సంస్థకు ఇచ్చే అదనపు రుసుము కూడా కలిసి ఉండొచ్చు. అమ్మినవారి చేతికొచ్చేది అందులోంచి కమీషన్ పోగా మిగిలిందే. గ్యాలరీలో పెట్టిన ధరకే రేపు మళ్లీ అమ్ముకోవచ్చనుకుంటే నిరాశ తప్పదు. కొత్త చిత్రకారుల ప్రింట్లకైతే తిరిగి కొనే బజారే లేకపోవచ్చు. బంగారం కొన్నట్టు కొనేవాళ్లు బంగారమే కొనుక్కోవడం మేలు.

ఫ్రేముల షాపులో పోయే పరువు

ఇన్ని జాగ్రత్తలూ పడి తెచ్చిన ప్రింటు సాధారణంగా దెబ్బతినేది ఎక్కడో తెలుసా? వీధి చివర ఫ్రేముల షాపులో. ఫ్రేము సైజుకు సరిపోలేదని అంచులు కత్తిరిస్తారు. ఆ అంచు మీదే అంకె, సంతకం ఉంటాయి! ముడతలు పడకుండా ఉంటుందని బంక రాసి ప్లైవుడ్‌కు అంటిస్తారు. ‘పదికాలాలు ఉంటుంది సార్’ అంటూ లామినేషన్ చేసేస్తారు. పాపం, ఆ షాపతను పెళ్లి ఫొటోలకూ దేవుడి పటాలకూ చేసినంత శ్రద్ధగానే చేస్తాడు. కానీ ఈ మూడింటిలో ఏది చేసినా ప్రింటు విలువ చాలావరకు పోయినట్టే.

ఆమ్లం లేని మౌంట్ బోర్డు కావాలని చెప్పండి. మామూలు అట్ట అయితే కొన్నేళ్లకే కాగితం చుట్టూ గోధుమరంగు చార పడుతుంది. పైభాగాన రెండుచోట్ల పల్చటి జపనీస్ కాగితపు పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీస్తే చాలు. అది తర్వాత నీటి తడితో ఊడొస్తుంది. అద్దం కాగితాన్ని తాకకూడదు. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి అద్దం లోపల తేమ పట్టి బూజు మచ్చలు తేలతాయి. ఎండపడే గోడా, వంటింటి గోడా, వానకు చెమ్మెక్కే గోడా వద్దు. ఇవన్నీ తీసేస్తే ఫ్లాటులో మిగిలే గోడ ఒకటో రెండో... అది వేరే సమస్య.

రవివర్మ ప్రెస్సు లక్ష్మీ సరస్వతుల పటాలు దీనికి మంచి సాక్ష్యం. 1894లో బొంబాయిలో పెట్టిన ఆ ప్రెస్సు వాటిని లెక్కలేనన్ని అచ్చేసింది. అంకె లేదు, సంతకం లేదు. ‘లిమిటెడ్’ అన్న మాటే లేదు. దేవుడి గదుల్లో పొగచూరి, చెదలు తిని, పోగా మిగిలినవి కొన్నే. శుభ్రంగా మిగిలిన పాత ప్రతికోసం సేకర్తలు ఇప్పుడు వెతుక్కుంటున్నారు. తాతగారింటి అటకమీద ఉంటే ఒకసారి దించి చూడండి, కానీ తడిగుడ్డతో మాత్రం తుడవకండి.

ఇక రసీదు. చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, ఏ పద్ధతి, కాగితం కొలత, ఎడిషన్ ఎంత, ఇది ఎన్నోది, పక్కన ఎన్ని ప్రూఫులు తీశారు, ఎక్కడ అచ్చయింది... ఇవన్నీ రాయించుకోవాలి. ‘లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ - ఒకటి’ అని రాసిచ్చే రసీదు కిరాణా చిట్టీకన్నా ఎక్కువేం కాదు. ఇంటి దస్తావేజులుండే బీరువాలోనే దీన్నీ దాచాలి. పిల్లలు ఎప్పుడైనా అమ్మాలనుకుంటే, ఆ బొమ్మ ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే సాక్షి అదొక్కటే.

గ్యాలరీలో ఆ దంపతులు ఇంకా అక్కడే నిలబడ్డారనుకుందాం. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, బొమ్మ కింది అంకెను దగ్గరగా చూశాడు. ‘‘బాబూ, ఇందులో ఏ/పిలు ఎన్నున్నాయి? ఇంకో సైజులో ఏమైనా తీశారా? పలక కొట్టేశారా?’’

కౌంటర్ దగ్గరి కుర్రాడు ఒక్క క్షణం తటపటాయించి, ‘‘లోపల కనుక్కొస్తానండీ’’ అని వెళ్లాడు. ‘‘ఉండండి, వచ్చాక ఫ్రేము కూడా విప్పించి చూద్దాం’’ అంది ఆవిడ, బ్యాగులో కళ్లజోడు వెతుక్కుంటూ.